తూకం రోజు ఊళ్లో లేనివాళ్లు

పత్తి చేలో మధ్యాహ్నం అంబలి తాగే వేళ భీమమ్మ వచ్చి పక్కన కూర్చుందంటే ఏదో అడగబోతున్నదని దేవక్కకు తెలుసు. జాలిదొడ్డి కింది వీధి ఆడవాళ్ల గుంపుకు భీమమ్మ పెద్ద. ఎవరి చేనికి పోవాలి, కూలి ఎంతకు ఒప్పుకోవాలి, ఎండ ఎక్కకముందు ఎంత చేను తీయాలి, అన్నీ ఆమే చూస్తుంది. మామూలుగా అయితే నిలబడే అంబలి తాగి, మూతి కొంగుతో తుడుచుకుని, అందరినీ లేపే మనిషి. ఆ రోజు మాత్రం దేవక్క పక్కన గట్టు మీద కూలబడి, ముంతలోని అంబలిని వేలితో కలుపుతూ ఊరికే ఉంది.

కాస్త దూరంలో జాలిచెట్టు కొమ్మకు పాత చీరతో కట్టిన ఉయ్యాలలో దేవక్క కొడుకు తిక్కయ్య నిద్రపోతున్నాడు. వాడికి రెండో ఏడు నడుస్తోంది. వాడి అక్క ఉరుకుందమ్మ, ఆరేళ్లు నిండని పిల్ల, ఉయ్యాలకు వీపు ఆనించి అటూ ఇటూ ఊగుతోంది. ఉయ్యాల ఆగితే వాడు లేస్తాడు, వాడు లేస్తే అమ్మ సాలు సగంలో వదిలి రావాలి. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. దానంతటదే తెలుసుకుంది.

"ఎల్లుండి తూకమంట," అంది భీమమ్మ.

"బాలవాడి సుభద్రమ్మ టీచరు సెప్పింది కదత్తా."

"కర్నూలు నుంచి సారు వస్తాండాడు. పచ్చపిండి ఇండ్లకిచ్చినాక పిల్లోల్లు ఏమాత్రం కోలుకున్యారో సూసి, రాసుకోని పోతాడంట."

పచ్చపిండి అంటే బాలవాడిలో పసిపిల్లలకిచ్చే పిండి. మొన్న దసరా దాకా దాన్ని బాలవాడిలోనే ఉప్మా వండేవారు. పది గంటలకు తల్లి దగ్గరుండి బిడ్డకు అక్కడే తినిపించి పోవాలి. పది గంటలకు కింది వీధిలో తల్లి అనే మనిషి కనబడదు, అందరూ చేలల్లో ఉంటారు. దసరా తర్వాత సర్కారువాళ్లు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో మాత్రం పద్ధతి మార్చి చూద్దామన్నారు. వారానికొకసారి, చేలనుంచి అందరూ తిరిగి వచ్చాక, మూడేళ్లలోపు బిడ్డకింత అని పిండి కొలిచి ఇంటికే ఇస్తారు. ఈ పద్ధతి మంచిదని తేలితే అన్ని ఊళ్లకూ పెడతారు, కాదని తేలితే మళ్లీ బాలవాడిలో పొయ్యి వెలిగిస్తారు. ఆ మంచీ చెడూ తేల్చడానికే తూకం.

"ఆ పొద్దు నువ్వు బిడ్డనెత్తుకోని కైరుప్పలకు పో," అంది భీమమ్మ. "మీయమ్మను సూసి శానా దినాలాయె కదా."

దేవక్క చేతిలోని రొట్టె ముక్క నోటి దగ్గర ఆగింది. "ఏంటికత్తా?" అని అడిగింది గానీ, ఏంటికో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

భీమమ్మ ఉయ్యాల వైపు చూసింది. చీర మడతలోంచి తిక్కయ్య కాలు ఒకటి బయటికి వేలాడుతోంది. మోకాలిచిప్ప తొడకన్నా లావుగా కనబడుతోంది.

"నీ బిడ్డను తక్కెట్లో ఏస్తే ముల్లు కదల్దు. సారేమంటాడు? పిండిస్తే తల్లే తింటాండాది, బిడ్డకు పెట్టడంల్యా అంటాడు. ఒక్కని మాట అందరికీ తగులుతాది. మల్లా బాలవాడి కాడనే వొండుతామంటారు. అప్పుడు సేను ఇడిసి ఎవురు పోతారు? పోయిన ఏడు మన పిల్లోల్ల నోట్లోకి ఒక ముద్దన్నా పోయిందా?"

"నేను తినల్యాదత్తా."

"నువ్వు తిన్యావని ఎవురన్యారు?" భీమమ్మ చూపు ఈసారి ఉరుకుందమ్మ మీద నిలిచింది. "పిండి యాడికి పోతాండాదో నాకు తెల్దా. నా ఇంట్లో అయినా అంతే. అయితే నా మనవరాలు రొంత దిట్టంగా ఉండాది, సూపిస్తే నిలబడతాది. నీ బిడ్డ నిలబడడు. కోపం సేసుకోవాకు తల్లీ."

కోపం చేసుకోవడానికి వ్యవధి కూడా లేదు. భీమమ్మ లేచి, మిగిలిన అంబలి ఒక్క గుక్కలో తాగి, కొంగు దోపుకుంది. ఆడవాళ్లంతా మళ్లీ సాళ్లలోకి దిగారు. దేవక్క నడుముకు కట్టిన ఒడిలోకి పత్తి వేసుకుంటూ పోయింది. ఎప్పుడూ రెండు చేతులా తీసే మనిషికి ఆ మధ్యాహ్నం ఒక చెయ్యే పని చేసింది. ఎండిన కాయ మొనలు గోటి కింద గుచ్చుకున్నా చూసుకోలేదు. కాయలో సగం పత్తి వదిలేసి ముందుకు పోతూ ఉంటే, పక్క సాలు ఆమె "ఇంత ఇడిసిపెట్టి పోతాండావేమే" అని గదమాయించింది.

సాయంత్రం నీళ్ల బిందెతో వంగి గుడిసెలోకి అడుగు పెట్టేసరికి ఉరుకుందమ్మ పొయ్యి పక్కన కుండ ముందర గొంతుక్కూర్చుని ఉంది. ఒక చంకలో తమ్ముడు. ఇంకో అరచేతిలో పచ్చపిండి. వాడికింత నాకించి, మిగిలింది తను నాకుతోంది. రోజూ చూసేదే. చూసీ చూడనట్టు పోయేదే. దేవక్క బిందె దించి ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచింది.

"వాని తిండి తింటావేమే? నీ మూలాన ఊరిడిసి పోవాల్సి వచ్చె."

ఉరుకుందమ్మ ఏడవలేదు. అరచేతిలో మిగిలిన పిండిని జాగ్రత్తగా మళ్లీ కుండలోకి దులిపింది. వేళ్ల సందుల్లో ఉన్నదాన్ని కూడా గోటితో గీకి వేసింది. ఆ పని చూడలేక దేవక్క మొహం తిప్పుకుంది. ఇంత అంబలి తప్ప ఏమీ ఎరగక, పొద్దు గూకేదాకా తమ్ముణ్ణి మోసిన పిల్ల. వాడి నోట్లో పెట్టి, తనను ఊరికే చూడమంటే ఎట్లా చూస్తుంది? అది తెలియక కాదు. తెలిసే చెయ్యి లేచింది. మొగుడు జయన్న పత్తికాలం అంతా ఆదోని మార్కెట్ యార్డులో మూటలు మోస్తూ అక్కడే ఉండిపోతాడు. చెప్పుకోవడానికి ఆ మనిషీ ఇంట్లో లేడు.

తూకం రోజు తెల్లవారుతుండగానే తిక్కయ్యను ఎత్తుకుని దేవక్క రోడ్డెక్కింది. ఉరుకుందమ్మను భీమమ్మ ఇంట్లో వదిలింది. ఆదోని బస్టాండులో దిగేసరికి ఎండ కొండ మీంచి కిందికి పాకుతోంది. కైరుప్పల వైపు పోయే ఆస్పరి బస్సు వచ్చింది, నిలబడింది, పోయింది. దేవక్క ఎక్కలేదు. అమ్మ ముందర ఏమని నిలబడాలి? బిడ్డ బక్కగా ఉన్నాడని ఈ ఒక్క రోజుకు ఊళ్లోంచి పంపేశారని చెప్పాలా? అమ్మ వాడి కాళ్లు పట్టి చూసి, ఇన్నాళ్లూ ఏం పెట్టినావని అడగదా?

బస్టాండులో కూర్చోలేక బయటికి నడిచింది. పత్తి బండ్ల వెంట పోతూ పోతూ మార్కెట్ యార్డు గేటు దగ్గర తేలింది. లోపల కుప్పల దగ్గర వేలం కేకలు. వీపు మీద మూటలతో మనుషులు వంగి నడుస్తున్నారు, ఎవరి మొహమూ కనబడడం లేదు. వాళ్లలో జయన్న ఉంటే, పని దినం ఇక్కడికెందుకు వచ్చినావు అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఉన్నదున్నట్టు చెప్పాలి. తిక్కయ్య ఎగిరే పత్తి పింజల కోసం చెయ్యి చాపుతున్నాడు. దేవక్క వాడి చెయ్యి లోపలికి లాక్కుని వెనక్కి తిరిగింది.

మళ్లీ బస్టాండు రేకుల కిందికే వచ్చింది. ఈసారి బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. అంచు చిరిగినా శుభ్రంగా ఉతికిన చీర, వేళ్లకు రంగు మరకలు. ఒడిలో ఒక ఆడపిల్ల. ఆ పిల్ల మెడ చూసి దేవక్క ఆగిపోయింది. తల భారాన్ని మొయ్యలేక పక్కకు వాలిపోతున్న మెడ. ఆమె కూడా తిక్కయ్య కాళ్లను చూసింది. ఇద్దరూ ఒకేసారి చూపులు తిప్పుకున్నారు.

"యా ఊరమ్మా మీది?" అంది ఆమె.

"జాలిదొడ్డి. పెద్దకడుబూరు పక్కన."

"మాది ఎమ్మిగనూరు. మగ్గాల వీధి. నా పేరు కామాక్షమ్మ." చెప్పి, కొంగు సర్దుకుని, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు మెల్లగా అంది. "ఈ పొద్దు మా వీధిలో పిల్లోల్లకు తూకం."

దేవక్క ఆమె పక్కన కూర్చుంది. "మా ఊర్లో గూడా."

ఇద్దరూ ఇంకేమీ అనక ముందే వెనక నుంచి మగగొంతు వినిపించింది. "మాకు నిన్న అయిపాయె." స్తంభానికి ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు జోలెలా కట్టి, అందులో బిడ్డను వేసుకున్నాడు. నందవరం పక్క ఊరు, పేరు దావీదు అని చెప్పాడు. "నిన్నే తీసుకోని వచ్చినా. సార్లు ఇంగా ఊర్లో ఉండారంటే ఈ పొద్దు గూడా రావాల్సి వచ్చె. నా కూలి రెండు దినాలు పాయె."

"మీ బిడ్డ పిండి ఎవురు తిన్యారన్నా?" అంది దేవక్క. అలా సూటిగా అడుగుతానని తనే అనుకోలేదు.

దావీదుకు కోపం రాలేదు. "మా ఆడమనిషి. మొన్ననే కనింది. పాలు పడాలంటే ఏమన్నా తినల్ల కదమ్మా. వీనికి రొంత తగ్గించి ఆమెకు కాంచి పోస్తి."

"మా ఇంట్లో మా మామ," అంది కామాక్షమ్మ. "దగ్గు మనిషి. రొట్టె మింగలేడు. పిల్లకు జావ కాసినప్పుడు ఆయప్ప మంచంలోంచి ఇట్లా సూస్తాడు. అడగడు. సూస్తాడంతే."

వాళ్లిద్దరూ తన వైపు చూస్తున్నారని దేవక్కకు అర్థమైంది. "మా ఇంట్లో వీల్ల అక్క. ఎత్తుకోని తిరిగేది అదే."

దావీదు జోలె సర్దుకుని నవ్వాడు. "ఆ సార్లు ఊర్లెంబడి తిరిగేదానికన్నా ఈ బస్టాండుకు తక్కెడ తెచ్చుకోనింటే సరిపోయేది."

సాయంత్రం దేవక్క ఊళ్లో దిగేసరికి బాలవాడి ముందర ఇంకా జనం ఉన్నారు. తూకం బాగా జరిగిందట. భీమమ్మ మనవరాలు తక్కెడలో కాళ్లాడిస్తూ నవ్విందట. ఊరూరా తూకాలు వేసే సార్లందరికీ పెద్దయిన వెంకోబారావే వచ్చాడట, మంచి మనిషట, పిల్లలను అదిలించలేదట. ఆయన వెంట వచ్చి తూకం వేసిన ఇందిరాబాయి ఆదోనిలో ఏదో బడిలో టీచరట. ఇంట్లో ఈ పిండి బిడ్డ తప్ప ఇంకెవరైనా తింటారా అని సారు ఒక్కొక్కరినీ అడిగితే, ఎవరూ తినరని అందరూ ఒకే మాట చెప్పారట. దేవక్క పేరు పిలిచినప్పుడు పుట్టింటికి పోయిందని భీమమ్మ జవాబిచ్చింది. అట్లా జవాబు చెప్పింది దేవక్క ఒక్కదాని గురించే కాదు. కింది వీధిలోనే ఇంకో ఇద్దరు తల్లులను బిడ్డలతో సహా కొండ కింద కట్టెలకు పంపేసింది. ఆ సంగతి దేవక్కకు అప్పుడే తెలిసింది.

తర్వాతి పిండి రోజుకు గాని అసలు మాట బయటికి రాలేదు. సుభద్రమ్మ టీచరు ఆదోని మీటింగుకు పోయి వచ్చి, పిండి కొలవకుండా డబ్బా మూత మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆడవాళ్లు గిన్నెలతో చుట్టూ మూగారు.

"తూకాలు శానా బాగా వచ్చినాయంట," అంది ఆమె. "అనుకున్న దానికన్నా బాగా."

"ఇంగేం మరి," అంది భీమమ్మ.

"పిల్లోల్లు కోలుకున్యారు కాబట్టి, వచ్చే నెల నుంచి సగం పిండి సాలంట. మిగతాది వేరే తాలూకాకు పంపిస్తారంట." సుభద్రమ్మ ఎవరి మొహమూ చూడకుండా మూత తీసింది. "నేనేం సేసేది? మీరే కదా బాగున్నోల్లను తెచ్చి సూపించింది. నేనూ గమ్మునుంటి."

డబ్బాలోంచి పిండి తీసే చప్పుడు మాత్రం వినిపించింది. ఎప్పుడూ అందరికన్నా ముందు గిన్నె చాపే భీమమ్మ ఆ రోజు అందరూ అయిపోయేదాకా గోడవారనే నిలబడింది.

మరునాడు చేలో దేవక్కకు నిలకడ లేదు. తన సాలు వదిలి భీమమ్మ సాలులోకి వచ్చింది, మళ్లీ తన సాలులోకి పోయింది. ఒడి నిండకముందే కుప్ప దగ్గరికి పోయి దులిపింది. చివరికి భీమమ్మ పక్కనే వంగి పత్తి తీస్తూ అంది.

"అత్తా, సారు రేపటిదాకా ఎమ్మిగనూరులో ఉంటాడంట. సుభద్రమ్మ సెప్పింది. నేను పోతాండా."

"పోయి ఏం సేస్తావు?"

"బిడ్డను తూయమంటా."

భీమమ్మ నడుం నిటారు చేసింది. "తూస్తే? ఈ సగం గూడా ల్యాకుండా పోతాది. అప్పుడు వీదోల్లందరూ నిన్నంటారు. ఆ పొద్దు నేను నా కడుపు కోసం సేసినాననుకున్యావా?"

"అట్ల నేనన్లేదత్తా."

"మరి ఊరికే ఉండు."

దేవక్క రెండు కాయలు తీసింది. మూడో కాయ దగ్గర చెయ్యి ఆగిపోయింది. "వాడు ఊర్లో ల్యాడని రాసుకోని పోయినారు. ఉండాడు కదా. ఆడ ఉయ్యాల్లో ఉండాడు. పిండి ఇస్తే ఇయ్యనీ, ఇయ్యకపోతే పోనీ. ల్యాడని మాత్రం రాసుకోవద్దు."

భీమమ్మ మళ్లీ వంగింది. సాలు చివరిదాకా తలెత్తకుండా పత్తి తీసింది. సాలు మళ్లేటప్పుడు కూడా దేవక్క మొహం చూడలేదు.

కానీ మరునాడు పొద్దున రోడ్డు మీద దేవక్కకన్నా ముందు ఆమే నిలబడి ఉంది. వెంట కట్టెలకు పోయిన తల్లులిద్దరూ, వాళ్ల చంకల్లో పిల్లలు. "గుంపులో సగం ఈడుంటే సేనికెవురు పోతారని పత్తిసేని రెడ్డి అరుస్తాండాడు," అంది భీమమ్మ. "అరవనీ." దేవక్క ఈసారి ఉరుకుందమ్మను కూడా తెచ్చింది. ఎమ్మిగనూరు దాకా బస్సులో తిక్కయ్య అక్క ఒడిలోనే కూర్చున్నాడు.

మగ్గాల వీధిలో ఏ ఇంటి ముందర నిలబడినా ఒకే చప్పుడు. అడిగి అడిగి కామాక్షమ్మ ఇల్లు పట్టుకున్నారు. ఆమె రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. దేవక్కను గుర్తుపట్టి లేచింది గానీ, విషయం విన్నాక మళ్లీ కూర్చుంది. కండె సగంలో ఉంది, లోపల మగ్గం దాని కోసం చూస్తోంది.

"వేరే దినం పోదాం."

"సారు ఈ పొద్దే కర్నూలు పోతాడంటక్కా."

లోపల చీకట్లో మంచం కిర్రుమంది. ముసలాయన దగ్గు తెర అయిపోయేదాకా అందరూ ఆగారు. "పో కామాక్షీ," అన్నాడాయన. "ఎవురు తిన్యారని అడిగితే నా పేరు సెప్పు. నాకేం సిగ్గు ల్యా." కామాక్షమ్మ దారం తెగకుండా కండెను గోడ మేకుకు తగిలించి, పిల్లను ఎత్తుకుంది. వీధి చివర ఇంకో రెండు ఇళ్లలోకి తొంగి పిలిచింది. వాళ్లు కూడా తూకం రోజు ఊళ్లో లేనివాళ్లే.

పంచాయతీ సమితి అతిథిగృహం వరండాలో వెంకోబారావు కాగితాలు కట్టలు కట్టిస్తున్నాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు కలాలు. మెట్ల కింద ఇంతమంది ఆడవాళ్లను చూసి, పింఛన్ల కోసం వచ్చారనుకుని, తాసీల్దారు ఆఫీసు అటు వైపమ్మా అన్నాడు.

"మేము తూకానికి వచ్చినాము సారూ," అంది దేవక్క. "జాలిదొడ్డి."

"జాలిదొడ్డిలో అయిపోయింది కదమ్మా. ఇంక తూచేది లేదు. ఊళ్లోనే తూచాలని నియమం."

"ఊర్లో ఉంటే తూస్తారనే ఊరిడిసి పోయినాము సారూ."

వెంకోబారావు చేతిలోని దారం అలాగే ఉండిపోయింది. ఒక్కో తల్లి చంకలోని బిడ్డనూ వరసగా చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?"

"నేనే," అంది భీమమ్మ. "బిడ్డ బక్కగా ఉంటే తల్లి తిన్నదంటారని భయపడితి. మల్లా బాలవాడి కాడికే రమ్మంటారని భయపడితి. ఏమన్నా అనేదుంటే నన్ననండి."

లోపలి నుంచి వచ్చిన ఇందిరాబాయి అప్పటికే సర్దిపెట్టిన పెట్టె తెరిచి, తక్కెడ బయటికి తీసింది. గుండ్రటి బిళ్ల మీద ముల్లు ఉన్న, కొక్కేనికి వేలాడదీసే తక్కెడ. వరండా దూలానికి పాతిన కొండికి తాడు వేసి దాన్ని తగిలించి, బిడ్డను కూర్చోబెట్టే గుడ్డ తొట్టి కట్టింది. "సార్, రెండు గంటల బస్సుకు పోదాం," అంది కన్నడం కలిసిన ఆదోని తెలుగులో. "పిల్లలను ఎత్తుకుని ఇంత దూరం వచ్చినారు."

ఒక్కో బిడ్డనూ తొట్టిలో వేశారు. ముల్లు కదిలీ కదలక ఆగినప్పుడల్లా వెంకోబారావు దగ్గరికి వచ్చి చూశాడు. కామాక్షమ్మ కూతురును తూచేటప్పుడు తల పక్కకు వాలకుండా తనే అరచెయ్యి ఆనించబోయి, ఆనిస్తే తూకం తేడా వస్తుందని వెనక్కి తీసుకున్నాడు. తిక్కయ్య తొట్టిలో బిక్కమొహం వేసి అక్క కోసం చూశాడు.

అంతా అయ్యాక ఆయన వరండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మీకు చెప్తే అర్థమవుతుందో లేదో. ఇవి కలిపితే, ఇంటికి పిండి ఇచ్చినా లాభం లేదంటారు పైవాళ్లు. కలపకపోతే, పిల్లలు బాగున్నారు, సగం చాలన్న మాటే నిలుస్తుంది."

భీమమ్మ దేవక్క వైపు చూసింది. నేను ముందే చెప్పలేదా అన్న చూపు.

"దసరాకు ముందు ఈ పిల్లలను బాలవాడికి తీసుకొచ్చేవారా?" అని అడిగింది ఇందిరాబాయి.

"ల్యామ్మా. సేన్లకాడ ఉంటిమి," అంది దేవక్క.

"నేను మగ్గం కాడ," అంది కామాక్షమ్మ.

వెంకోబారావు తల పైకెత్తాడు. కట్ట కట్టిన కాగితాల్లోంచి ఒకటి లాగి చూశాడు, ఇంకొకటి చూశాడు. "అప్పుడు తూచింది వచ్చినవాళ్లనే కదా," అన్నాడు ఇందిరాబాయితో, తనలో తాను అనుకుంటున్నట్టు. "రానివాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. మనం దేనితో దేన్ని పోల్చినాం?" కాసేపు ఆ వరండాలోనే అటు నుంచి ఇటు నడిచాడు. తర్వాత దేవక్క ముందర ఆగాడు. ఊళ్లన్నిటిలో అడిగిన ప్రశ్నే అడిగాడు. "బిడ్డ తప్ప ఇంట్లో ఇంకెవరైనా తింటారామ్మా ఈ పిండి?"

"తింటాది సారూ. వీల్లక్క." దేవక్క వెనక్కి తిరిగి, మెట్ల దగ్గర నిలబడిన ఉరుకుందమ్మను చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. "కొట్టినా గూడా తింటాది. దాన్ని తప్పనేదానికి నాకు నోరు రాదు. ఈ పొద్దు మిమ్మల్ని అడుగుతాండా. తప్పేనా సారూ?"

ఇందిరాబాయి వంగి, "ఈ పిల్లను కూడా తూద్దాం సార్," అంది.

"మూడేళ్లు దాటినవాళ్లు మన లెక్కలో లేరు."

"ఊరికే చూద్దాం."

తొట్టి ఉరుకుందమ్మకు చిన్నదైంది. కూర్చోబెడితే కాళ్లు నేలకు ఆనుతున్నాయి. వెంకోబారావు కుర్చీ లాక్కుని దాని మీదికెక్కి, తక్కెడను తాడు నుంచి విప్పి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. ఆ పిల్ల గాలిలో ఊగి, భయపడి, తాళ్లు గట్టిగా పట్టుకుంది. ముల్లు గిర్రున తిరిగి నిలిచింది. దేవక్కకు అంకెలు రావు. కానీ తిక్కయ్యకు ముల్లు ఎక్కడ ఆగిందో ఆమె చూసింది. ఇప్పుడది అక్కడి నుంచి ఎంతో దూరం పోలేదు.

"ఇంకోసారి చూడండి," అన్నాడు వెంకోబారావు కుర్చీ మీంచి.

ఇందిరాబాయి ఇంకోసారి చూసి చెప్పింది. ఆయన పిల్లను మెల్లగా దించాడు. కుర్చీ దిగి, చేతులు నొప్పి పుట్టాయేమో ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "పూర్తి పేరేమిటమ్మా ఈ పిల్లది?" అని అడిగి, కలం తీశాడు.

"నేను మాట ఇవ్వలేను," అన్నాడు వాళ్లు బయల్దేరేటప్పుడు. "రాస్తాను. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో చూడకుండా ఒక్కరికే కొలిచి ఇచ్చినామని రాస్తాను. ఆపైన వాళ్ల ఇష్టం."

మరుసటి నెల సగం పిండే వచ్చింది. కింది వీధిలో కొందరు దేవక్కతో మాట్లాడడం మానేశారు. భీమమ్మ వాళ్లను తిట్టింది గానీ, తిట్టడం వల్ల గిన్నెలు నిండలేదు. దేవక్క చేలో ఉన్నంతసేపూ రోడ్డు మీద జీపు దుమ్ము లేస్తే తలెత్తి చూసేది. అవి పత్తి బేరగాళ్ల జీపులు. ఆ జీపులు కూడా రావడం మానేశాక, ఉగాది దాటాక, సుభద్రమ్మ వీధిలోకి తనే వచ్చి చెప్పింది. పిండి మునుపటిలా పూర్తిగా ఇస్తారు. ఇంకో ఏడాది ఇండ్లకే ఇచ్చి చూస్తారు. మూడేళ్ల లోపు కాదు, ఆరేళ్ల లోపు పిల్లలందరికీ.

ఆ సాయంత్రం బాలవాడి ముందర సుభద్రమ్మ "ఉరుకుందమ్మ" అని పిలిస్తే ఎవరూ పలకలేదు. ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు ఆ పిల్ల చుట్టూ చూసింది. దేవక్క దాని వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. సుభద్రమ్మ కొలిచి పోసిన గిన్నెను ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా వచ్చింది.

"ఇది తమ్మునిదా?"

"నీదే."

ఇల్లు చేరాక దేవక్క పొయ్యి రాజేస్తూ చూసింది. ఉరుకుందమ్మ గడపలో కూర్చుని గిన్నె ఒడిలో పెట్టుకుంది. మొదటి పిడికిలి తను తింది. రెండోది, తప్పటడుగులు వేస్తూ దగ్గరికి వచ్చి నోరు తెరిచిన తిక్కయ్య నోట్లో పెట్టింది. మళ్లీ తను తింది, మళ్లీ వాడికి పెట్టింది. వద్దనే మాట దేవక్కకు నోటిదాకా వచ్చింది. ఊదుగొట్టం అందుకుని పొయ్యిలోకి ఊదింది.